వంకర కీరాలు

“చచ్చాను!” అంది నరే.

డాబా మీద ఆరేసిన పత్తి బొంత, వెదురు గడతో సహా వచ్చి అత్తగారి కీరా మొక్కల మీద పడింది. బొంత ఎత్తి చూస్తే ఏముంది, థర్మాకోల్ పెట్టెల్లో బుద్ధిగా నిలబడ్డ మొక్కలన్నీ మెడలు వాల్చేశాయి.

ఆమె కేకకు మొగుడు తేసుక్ ఒక కాలికే చెప్పు తగిలించుకుని పైకి పరుగెత్తుకొచ్చాడు.

“ఎవరైనా పడ్డారా?”

“మీ అమ్మగారి కీరాలు పడ్డాయి.”

“హమ్మయ్య.”

“హమ్మయ్యేమిటండీ! వాళ్ళక్కగారికి మోకాలి ఆపరేషనని జేజు దీవికి వెళ్తూ అత్తయ్య ఏమన్నారో మీరూ విన్నారుగా? ‘నేనొచ్చేసరికి కీరాలు కాస్తే గరిటె నీది. ఎండబెట్టావో, మళ్ళీ ఆ మాట ఎత్తకు’ అనలేదూ?”

ఆ గరిటె అక్కడే, డాబా మూల సోయా ముద్ద ఊరే జాడీల పక్కన మేకుకు వేలాడుతోంది. సొరబుర్రతో చేసిన పాత గరిటె. గరిటె ఎవరిదైతే జాడీ మూత తీసే హక్కు వాళ్ళది; ఆ ఇంట్లో అది అత్తగారిది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నరే పూటపూటకీ గిన్నె పట్టుకుని “అత్తయ్యా, కాస్త సోయా ముద్ద” అని నిలబడవలసిందే. ఆవిడ అలిగిన రోజున ఆ ఇంటి పులుసులో నీళ్ళే ఎక్కువ మాట్లాడతాయి.

“కట్లు కడదాం,” అంది నరే.

పార్సిల్ భోజనాలతో వచ్చిన చెక్క చాప్‌స్టిక్కులు కట్టుబద్దలయ్యాయి, తేసుక్ ఆఫీసు టేపు పట్టీ అయింది. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో మొక్కనీ నిలబెడుతున్నారు. ఉన్నట్టుండి నరే ఆగింది.

“ఇది చూడండి! కాండం మొదట్లో బుల్లి క్లిప్పు. దీనికీ ఉంది, దానికీ ఉంది. నాకన్నా ముందే ఎవరో విరిచి అతికించారు.”

“అంటే... అమ్మే విరిచిందంటావా?” తేసుక్ కళ్ళు మెరిశాయి.

నరేకు ఇక కాలు నిలవలేదు. నారు అమ్మిన దుకాణానికి ఫోన్ చేసింది.

“అది అంటు క్లిప్పమ్మా,” అన్నాడు దుకాణదారు. “మొండి జాతి వేరు మీద కీరా కొన అతికిస్తాం. తెగులు రాదు. అందరి కీరాలూ అంతే.”

“ఆ వేరు దేనిదండీ?”

“మిరప నారా? అటు పక్కనుందండీ, చూసుకోండి...” ఇంకెవరితోనో మాట్లాడుతూ పెట్టేశాడు.

కట్టిన కట్లు కట్టినట్టే ఉన్నాయి కానీ, లోపలి కొనలు వారం తిరక్కుండా ఎండిపోయాయి. ఒక్క మొండెం మాత్రం క్లిప్పుకు దిగువన పచ్చగా చిగురు వేసింది.

నరే దానికి పసిబిడ్డకు చేసినట్టు చేసింది. రోజూ బియ్యం కడుగు పోసింది. తేసుక్ తాగుదామని దాచుకున్న బియ్యపు కల్లు కూడా అడుగంటా పోసింది. చిగురు తీగ అయింది, తీగ పందిరంతా పాకింది. ఆకులు పళ్ళెమంత, పూలు గంటల్లా పసుపుపచ్చగా.

“ఏవండీ, ఆ వేరు దేనిదై ఉంటుంది?”

“వండి పెడితేనే నాకు కూరేదో తెలీదు. వేరు చూసి చెప్పమంటావేం?”

దేనిదైతేనేం, బతికింది. ఒక్కటే లోటు. కీరా పిందె కనబడలేదు. రోజూ పొద్దున్నే ఆకులెత్తి చూసేది, దించేది. అంతలో జేజు నుంచి అత్తగారి ఫోన్ వచ్చింది. అక్కగారి మోకాలు నడకలో పడిందట, రేపు బయల్దేరుతున్నారట.

ఆ సాయంత్రం నరే బజారుకు వెళ్ళింది. కీరాల గంపలో నిటారుగా ఉన్నవి వదిలేసి, ఇంట్లో కాసినట్టుండాలని రెండు వంకరవి ఏరుకుంది. ఆకుపచ్చ దారంతో వాటిని తీగకు వేలాడదీసింది.

అత్తగారు సంచీ కూడా దించకుండా డాబా ఎక్కింది.

“మిగతా మొక్కలేవి?”

“పురుగు పట్టింది, అత్తయ్యా.”

ఆవిడ ఒక ఆకు నిమిరింది. తిరగేసి చూసింది. పువ్వులోకి తొంగి చూసింది.

“ఆకులు బాగా పెద్దవయ్యాయే.”

“బియ్యం కడుగు పోశాను.”

“ఊఁ. మరి కాయలకు ఈ దారమేమిటి?”

నరే దారం కొసను ఆకు చాటుకు తోసింది. “బరువుకి తెగిపోతాయేమోనని.”

“ముందుచూపున్నదానివి.”

ఆవిడ ఒక వంకర కీరా తెంపి, చొక్కా అంచుకు తుడిచి కొరికింది. నెమ్మదిగా నమిలింది. ఆ నమలడం ఎప్పటికి పూర్తవుతుందోనని నరే చూస్తోంది. తర్వాత ఆవిడ తీగ చివర లేత ఆకులు పుటుకూ పుటుకూ గిల్లి ఒళ్ళో వేసుకుంది.

“ఆవిరి మీద మగ్గబెట్టు. అన్నం, సోయా ముద్ద పెట్టి చుట్టుకు తిందాం.”

“కీరా ఆకులు తింటారా, అత్తయ్యా?”

“ఈ ఆకులు తింటారు.”

ఆవిడ జాడీల దగ్గరకు నడిచింది. మేకు మీది సొరబుర్ర గరిటె తీసి, దుమ్ము ఊది, తెచ్చి నరే చేతిలో పెట్టింది. నరే నమ్మలేకపోయింది.

“నిజంగానా, అత్తయ్యా? నాకేనా?”

“మరి? గుమ్మడి పాదుకు కీరాలు కాయించిన చెయ్యమ్మా ఇది,” అంది అత్తగారు, రెండోది కూడా తెంపుతూ. “దానికి గరిటె ఇవ్వకపోతే ఎలా?”