అప్‌డేట్ అయ్యేలోపు

ఫోన్ మోగబోయింది. అంతలోనే తెర నల్లబడి, కంపెనీ గుర్తు వెలిగి, మళ్ళీ మొదటికొచ్చింది.

పొద్దుటినుంచి ఇది ఏడోసారి. ఎవరు ఫోన్ చేసినా ఇదే తంతు.

పాప తండ్రికి దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేడు. పైన ఆసుపత్రి మూడో అంతస్తులో ఏడేళ్ళ కూతురు ఉంది. సాయంత్రం ఆపరేషన్. పాపది ఎక్కడా దొరకని గ్రూపు రక్తం. బ్లడ్ బ్యాంకు వాళ్ళు ఆ గ్రూపు దాతలందరికీ ఆయన నంబరే పంపారు. ఇచ్చేవాళ్ళుంటే మీకే చేస్తారు, ఫోన్ దగ్గరుంచుకోండి అన్నారు.

సిమ్ము తీసి వేరే ఫోన్లో వేద్దామంటే, ట్రే ఇరుక్కుపోయి ఊడి రాలేదు. దాంతో రోడ్డు దాటి, ఆసుపత్రికి ఎదురుగా ఉన్న ఫోన్ల షాపులోకి పరిగెత్తాడు.

షాపు అగ్గిపెట్టెంత. ఒక ఫ్యాను, ఒక కుర్చీ. కుర్చీలో చారల చొక్కా వేసుకున్న ఒకాయన మోచెయ్యి మడుచుకుని కూర్చున్నాడు. పక్కనే ప్లగ్గుకి తన పాత ఫోన్ తగిలించుకుని, చెవిదగ్గర పెట్టుకున్నాడు.

కౌంటరు మీద తండ్రి ఫోన్ ఒక్కసారి వణికి, నల్లబడింది.

"మోగబోతే మూర్ఛపోతోంది సార్ ఇది," అన్నాడు మెకానిక్. సాఫ్ట్‌వేర్ పాతబడిందనీ, అప్‌డేట్ చేస్తే లేచి కూర్చుంటుందనీ, కాకపోతే యాభై శాతం ఛార్జింగ్ లేనిదే అది మొదలే కాదనీ చెప్పాడు.

ఛార్జింగ్ పన్నెండు ఉంది. ఉన్న రెండు ప్లగ్గుల్లో ఒకటి మాడిపోయింది.

తండ్రి ఒక్క మాటైనా అడగకుండా చారల చొక్కా ఆయన ఫోన్ పీకేసి తనది పెట్టాడు. కూతురి సంగతి చెప్పే ఓపిక లేదు. పొద్దుటినుంచి ఎంతమందికి చెప్పాడో, నోరు ఎండిపోయింది.

"ఇంకొక్క రెండు నిమిషాలు ఉంచుతారా?" అన్నాడు ఆయన మెల్లగా. "ఒకాయనకి ఒక్క ముక్క చెప్పాలి. పాపం, కంగారుపడుతూ ఉంటాడు. ఎన్నిసార్లు చేసినా కలవడంలేదు."

"కంగారు అందరికీ ఉంటుంది సార్. కబుర్లు బయట చెప్పుకోండి."

ఆయన నొచ్చుకున్నట్టు కనపడలేదు. ఇంకోసారి చేసి చూశాడు. అంతలో ఛార్జింగ్ అయిపోయి చేతిలోని ఫోన్ ఆరిపోయింది. మెకానిక్‌ని మంచినీళ్ళు అడిగి తాగాడు.

నలభై. నలభై అయిదు. తండ్రి నిలబడలేకపోతున్నాడు. రోడ్డు మీదికి వెళ్ళి మూడో అంతస్తు కిటికీ చూస్తాడు, లోపలికొచ్చి అంకె చూస్తాడు. కాళ్ళు పీకుతున్నాయి.

యాభై. మెకానిక్ అప్‌డేట్ నొక్కి, మధ్యలో ఎవరూ దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు.

"కాస్త లేస్తారా? పని ఉన్నవాళ్ళం కూర్చుంటాం," అన్నాడు తండ్రి.

చారల చొక్కా ఆయన గోడ పట్టుకుని లేచాడు. ఒక్క క్షణం అలాగే ఆగి, జాగ్రత్తగా మెట్టు దిగి వెళ్ళిపోయాడు. తాగి ఉంటాడని తండ్రి అనుకున్నాడు. కుర్చీలో చిన్న దూదిముక్క ఉంటే చిరాగ్గా కిందికి దులిపి కూర్చున్నాడు.

అంకె తెర మీద పాకుతోంది. ముప్ఫై మూడు దగ్గర ఆగిపోయినట్టే అనిపించింది. ఎవరో దాత ఈపాటికి నాలుగుసార్లు చేసి, విసుగొచ్చి ఊరుకుని ఉంటాడు.

అరవై. తొంభై. నూరు.

ఫోన్ లేచింది. లేస్తూనే మోగింది. ఈసారి ఆగలేదు, మోగుతూనే ఉంది.

అవతల ఆసుపత్రి నర్సు. ఎక్కడున్నారండీ, గంటనుంచి చేస్తున్నాం అంది. రక్తం దొరికిందనీ, పరీక్షలు కూడా అయిపోతున్నాయనీ, ఆపరేషన్ అనుకున్న టైముకే జరుగుతుందనీ చెప్పింది.

తండ్రికి కళ్ళు నిండిపోయాయి. ఇచ్చినాయన ఎవరు, ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టుకుంటాను, ఎక్కడున్నారు అని అడిగాడు.

"మీకు ఫోన్ కలవక తిన్నగా ఇక్కడికే వచ్చి ఇచ్చేశారండీ," అంది నర్సు. "మీతో ఒక్క మాట చెప్పి వెళ్తానన్నారు, కానీ కళ్ళు తిరుగుతున్నాయంటే, ఎదురుగా ఫోన్ల షాపులో ఫ్యాను కింద కుర్చీ ఉంటుంది, కాసేపు కూర్చోమని నేనే పంపాను."