గడప దాటిన సన్యాసి

మంగోలుల పడమటి దండు నుంచి ఒక బౌద్ధ సన్యాసిని వాళ్ల రాజధాని కారకోరానికి పంపారనీ, ఆయనది దక్షిణ హిందుస్థానమనీ వినగానే బెహ్రూజ్ గుండెల్లో రాయి పడింది. ఆస్థానం మొత్తానికి ఆ దేశపు భాష తెలిసిన దుబాసీ అతనొక్కడే. చిక్కల్లా, ఆ భాషలో అతనికి ఒక్క ముక్క కూడా రాదు.

బుఖారా పడిపోయినప్పుడు మంగోలు సైనికులు విద్య ఉన్నవాళ్లను ఇటు, లేనివాళ్లను అటు నిలబెట్టారు. అటు వెళ్లినవాళ్ల గతి చూశాక, హల్వా వండటం విద్య కిందికి వస్తుందో రాదోనని బెహ్రూజ్‌కు భయం వేసింది. దుబాసీనన్నాడు. ఏ భాషంటే, అక్కణ్ణుంచి ఈ జన్మలో ఎవడూ రాడన్న ధీమాతో దక్షిణ హిందుస్థానం పేరు చెప్పాడు. అప్పటినుంచీ కూర్చుని తింటున్నాడు.

ఆ సాయంత్రం పెద్దరాణి గుడారంలో మతచర్చ. పాదిరీలూ ముల్లాలూ వాదించి వాదించి అలసిపోయి, పులిసిన గుర్రప్పాలు తాగుతున్నారు. బెహ్రూజ్‌ను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టగానే సన్యాసి ముఖం పాలిపోయింది. గుర్రప్పాలు పడలేదు కాబోలు అనుకున్నాడు బెహ్రూజ్.

సన్యాసి గంభీరంగా ఏదో చెప్పాడు. నిండా మునిగినవాడికి చలేమిటని, బెహ్రూజ్ దయ గురించీ ఆకాశం గురించీ నాలుగు మంచిమాటలు అల్లేశాడు. రాణి తల ఊపింది. మొదటినుంచీ అతని మీద కన్నేసి ఉన్న మంత్రి తోగన్ మాత్రం గిన్నె కింద పెట్టాడు.

"ఏమోయ్ దుబాసీ, ఆయనకు మన మాట ఒక్కటీ రాదట. వచ్చేటప్పుడు భటులు చేతులు పట్టి గడప దాటించారు. ఇప్పుడు మన గడప సంగతి నువ్వు చెప్పి, ఒక్కణ్ణే బయటికెళ్లి రమ్మను. తొక్కాడో, ఆయన తలతోపాటు నీదీ పోతుంది."

రాణిగారి గడప తొక్కితే చావే. ఆ సంగతి అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు.

బెహ్రూజ్ దేవుడి మీద భారం వేసి నోటికొచ్చిన కూతలన్నీ కూశాడు. సన్యాసి శ్రద్ధగా విని, లేచి, వాకిలి వైపు నడిచాడు. బెహ్రూజ్ కళ్లు మూసుకున్నాడు.

గుడారమంతా చప్పట్లు మోగేసరికి కళ్లు తెరిచాడు. సన్యాసి కాషాయం మోకాలిదాకా ఎత్తిపట్టుకుని, గడపకు కాలి గోరు కూడా తగలకుండా దాటి లోపలికి వస్తున్నాడు. మంత్రి తల దించుకున్నాడు. రాణి ఇద్దరికీ పట్టు అంగీలు కప్పించింది.

బెహ్రూజ్‌కు ఒళ్లు జలదరించింది. మనసులో మాట చదవగల మహానుభావుడే తప్ప తన కూతలు ఇంకెవరికి అర్థమవుతాయి? బయట గుర్రాల చాటున దొరకబుచ్చుకుని సన్యాసి కాళ్ల మీద పడ్డాడు. భాష రాకపోతే మానె, కన్నీళ్లు అర్థమవుతాయి కదా అని, తన బుఖారా మాటల్లోనే తాను దొంగ దుబాసీనని ఒప్పేసుకున్నాడు.

సన్యాసి అటూ ఇటూ చూసి, చటుక్కున అతన్ని లేవదీశాడు.

"లే అన్నా, ఎవరైనా చూస్తే ఇద్దరికీ మూడుతుంది," అన్నాడు, అచ్చమైన బుఖారా యాసలో. "నీ హల్వా కొట్టు వెనక సందులో గడ్డాలు గీసేవాణ్ణి. ఆరోజు భయంతో నా తల నేనే గొరిగేసుకున్నా, సన్యాసినని వదిలేశారు. అప్పటినుంచీ వీళ్ల దండులోనే తిరుగుతూ, వచ్చేసిన వీళ్ల మాట రానట్టు నటించలేక చస్తున్నా. ఏ దేశమని అడిగితే, ఆ భాష తెలిసినవాడు ఇక్కడ ఎవడుంటాడులే అని నేనూ ఆ పేరే చెప్పా!"