ఇంటిపేరు తేలాలి

"ఆ పుస్తకాలు చెదలు తినేశాయని రాసి పంపించు. నీకూ గొడవుండదు, నాకూ ఉండదు," అని ఫోన్ పెట్టేశాడు పై అధికారి.

జిల్లా రికార్డు గది గుమస్తా రిసీవరు వంక కాసేపు చూశాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో పై అధికారి మాటకు ఎదురు చెప్పిన పాపాన పోలేదు. ఇంట్లో భార్య మాటకైతే అసలే లేదు. రిటైర్మెంటు ఇంకా ఐదు నెలలుంది.

ఎదురు బల్ల దగ్గర వెల్డింగు షాపు అమ్మాయి ఓ పాత పుస్తకం తిరగేస్తోంది. మోచేతుల దాకా నిప్పురవ్వలు పడ్డ మచ్చలు. పేజీ చిరక్కుండా రెండు వేళ్లతో ఎంతో నెమ్మదిగా తిప్పుతోంది.

ఆమె మొదటిసారి వచ్చి మూడు వారాలైంది. ఆ రోజే సూటిగా అడిగింది.

"మా తాతమ్మ పెళ్లి ఈ పుస్తకాల్లో ఎక్కడో రాసి ఉండాలి బాబాయ్. ఇంటిపేరు తేలాలి."

వచ్చినవాళ్ల పట్టీలో ఆమె సంతకం చూసి గుమస్తా కళ్లజోడు సర్దుకున్నాడు. ఆ ఇంటిపేరు తెలియని వాళ్లు ఊళ్లో లేరు. మిల్లు గేటు మీద అదే, ఆసుపత్రి గోడ మీద అదే, వంతెన మీదా అదే. మిల్లువాళ్ల ఇంటిపేరు!

మిల్లు పెట్టిన పెద్దాయనకు తాతమ్మ మొదటి భార్యట. చంటిబిడ్డతో సహా గడప దాటించేసి, ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడట. అసలు మొదటి పెళ్లే జరగలేదని మిల్లువాళ్లు ఇప్పటికీ బల్లగుద్ది చెబుతారు. తాతమ్మ ఇటుకల బట్టీలో పనిచేసి కొడుకును పెంచింది. ఆ కొడుక్కి మనవరాలే ఈ అమ్మాయి.

"తాతమ్మ గుర్తుగా ఇంట్లో ఏమన్నా ఉందామ్మా?"

"ఫొటో కూడా లేదు. ఒట్టి పేరొక్కటి తెలుసు, అంతే."

బడి అడ్మిషన్ పుస్తకంలో తాత పుట్టిన సంవత్సరం దొరికింది. జనన రిజిస్టరులో తండ్రి పేరుండాల్సిన చోట ఎవరో పుల్లతో గీసినట్టు అడ్డగీత ఉంది. ఇక మిగిలినవి పెళ్లి పుస్తకాలు. మొత్తం తొమ్మిది. షాపుకు మధ్యాహ్నం తాళం వేసి వచ్చి, కాళ్లు తిమ్మిరెక్కేదాకా కూర్చునేది.

ఈ వెతుకులాట సంగతి ఎలా పొక్కిందో గానీ, రెండో వారం మిల్లు పెద్దాయన మనవడే స్వయంగా వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నీ షాపు బోర్డు మీద మా ఇంటిపేరు తీసెయ్. పొరపాటున వాడానని ఓ సంతకం పెట్టు. నీకు కొత్త మెషిన్లు కొనిపెడతాను."

"మీరు తీసెయ్యమంటే మాత్రం తియ్యను పెదనాన్నగారూ."

"ఎవరే నీకు పెదనాన్న?"

"మీ తాతగారే మా ముత్తాత. ఏ లెక్కన చూసినా మీరు పెదనాన్నే అవుతారు మరి."

ముసలాయన మొహం జేవురించింది. గిర్రున తిరిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాతే ఈ ఫోన్లు మొదలయ్యాయి.

గుమస్తా తెల్లకాగితం తీశాడు. 'పుస్తకాలు భేషుగ్గా ఉన్నాయి. ఒక్క పురుగూ ముట్టలేదు,' అని రాసి, పొడుగు సంతకం గీకి, తపాలా సంచిలో పడేశాడు. లేచి, ఎనిమిదో పుస్తకం తనే మోసుకొచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టాడు. సాయంత్రం ఇంట్లో చెబితే భార్య అడక్కుండానే రెండో కప్పు కాఫీ ఇచ్చింది.

మూడో రోజు, తొమ్మిదో పుస్తకంలో దొరికింది. వరుడు, వధువు, ఇద్దరి ఇళ్ల వివరాలు, కింద సాక్షిగా వరుడి తండ్రి చేవ్రాలు. ఏదీ చెక్కుచెదరలేదు.

"తాతమ్మగారు దొరికారమ్మా!" అని గుమస్తా అరిచినంత పని చేశాడు.

ఆమె ఆ వరస మీద వేలానించి, కూడబలుక్కుంటూ రెండుసార్లు చదువుకుంది. తర్వాత చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

ముద్ర వేసిన నకలు ఆ వారమే మిల్లుకు చేరింది. గుమస్తాకు బదిలీ ఉత్తర్వు కూడా అదే వారం చేరింది.

"నావల్లే కదా బాబాయ్," అంది ఆమె.

"ఐదు నెలల కోసం కొత్త ఊరు చూపిస్తున్నారు. మా ఆవిడ ఎప్పట్నుంచో ఎక్కడికైనా తీసుకెళ్లమని పోరుతోందిలే," అన్నాడాయన.

ఆయన చార్జి అప్పగించే రోజున మిల్లు ముసలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి కుర్చీలో కూలబడ్డాడు.

"చేవ్రాలు మావాళ్లదే, కాదనను. పెళ్లి జరిగింది." ఎదురు బల్ల దగ్గరున్న ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "ఇంటిపేరు వాడుకో. బోర్డూ ఉండనీ. ఇక మావాళ్లెవరూ నీ జోలికి రారు. కోర్టుదాకా మాత్రం లాగకు."

గుమస్తా ఛాతీ రెండంగుళాలు పొంగింది. "నెగ్గావమ్మా!" అన్నాడు పైకే.

"మీ నోటితో అన్నారు, అదే పదివేలు పెదనాన్నగారూ," అంది ఆమె. సంచీలోంచి మడతలు నలిగిన కాగితం తీసి గుమస్తా ముందుకు జరిపింది. "వెళ్లేలోపు దీని మీద కూడా ముద్ర కొట్టు బాబాయ్."

ఆమె ఈ గదిలో అడుగుపెట్టిన మొదటిరోజు తేదీ వేసి ఉన్న ఆ దరఖాస్తులో, తన పేరు ముందు మిల్లువాళ్ల ఇంటిపేరు కొట్టెయ్యమని ఎప్పుడో రాసి ఉంది. బదులుగా పెట్టుకునే ఇంటిపేరు గడి ఒక్కటే ఇన్నాళ్లూ ఖాళీగా ఉండిపోయి, ఇప్పుడు తాతమ్మ పుట్టింటి పేరుతో కొత్త సిరాలో నిండి ఉంది.