నేల కింద మోడల్

"నీ మోడల్ యాడ పాపా?" అన్నాడు జడ్జి సుధీంద్ర, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి.

"నేల కింద ఉండాది సార్," అంది నయన.

పక్క బల్లల దగ్గర థర్మోకోల్ అగ్నిపర్వతాల వెనక నిలబడ్డ పిల్లలు గొల్లుమన్నారు. తాలూకా విజ్ఞాన ప్రదర్శనకు వచ్చిన నలభై బల్లల్లో బోసిగా ఉన్నది నయనదొక్కటే. దాని మీద ఒక నోటుపుస్తకం, రెండు థర్మామీటర్లు. అందులో ఒకదాని కొసకు తడిగుడ్డ చుట్టి ఉంది.

నయన వెనక్కి తిరిగి, మైదానం గోడవారగా ఉన్న పుట్టను చూపించింది.

"దాంట్లోంచి ఈ పొద్దు ఉసుళ్ళు లేస్తాయి సార్. ఐదు కొట్టేలోపల."

"రెక్కల చెదలా? వాన మొన్ననే పడిపోయె. ఇంగ ఈ ఎండలో యాడ లేస్తాయి? ఎవరు చెప్పినారు నీకు?"

"పుట్టే చెప్పింది సార్. కన్నాలు తెరిచింది. వాకిట్లో పెద్దతల చెదలు కావలి నిలబడినాయి. అవి నిలబడినాయంటే లోపల పెండ్లివారు సిద్ధమైనట్టే. మా అవ్వ తినేదానికి దుప్పటి పరిచి పట్టేది అది చూసే."

ముప్పై ఏళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన సుధీంద్ర నవ్వాపుకున్నాడు. మార్కుల కాగితం మీద నిండుగా ఒక సున్నా చుట్టి, నయన పక్కనున్న సైన్సు మేష్టారి వైపు తిరిగాడు.

"ఏమప్పా ప్రహ్లాదా! పిల్లకు పాఠం చెప్పినావా, జోస్యం నేర్పినావా?"

"ఐదు కానీండి సార్," అన్నాడు ప్రహ్లాద, అంతే.

సున్నాలు నయనకు కొత్త కావు, భయమంతా ప్రహ్లాద సార్ గురించే. పుస్తకం మూసి పిల్లల్ని గుట్టల వెంట తిప్పుతున్నాడని హెడ్‌మిస్ట్రెస్ జయలక్ష్మమ్మ మండిపడుతోంది. ఇక్కడ ఏదో ఒకటి సాధించకపోతే సోమవారం నుంచి పాఠం నాలుగు గోడల మధ్యే అని తేల్చి చెప్పేసింది. ఆ గుట్టల పాఠం మొదలయ్యాకే తమ ఇరుళిగ గిరిజనుల కాలనీలోని పదకొండు మంది పిల్లలు బడి గడప తొక్కారు. గోడల మధ్య వాళ్ళెవరూ నిలవరని నయనకు బాగా తెలుసు. అంతకుముందు తను మాత్రం నిలిచిందా?

నాలుగైంది. నాలుగున్నరైంది. పుట్ట ఉలకలేదు, పలకలేదు. చేతిలో టీ గ్లాసుతో సుధీంద్ర బల్లల మీది పేర్ల కార్డులు ఏరుకుంటూ వచ్చాడు.

"ఏం పాపా, నీ పెండ్లివారికి ముహూర్తం కుదరలేదా?"

"గాలిలో ఇంగా కొంచెం తేమ రావాల సార్. రెండు థర్మామీటర్లకూ తేడా మూడు డిగ్రీలు ఉండాది. రెండుకు దిగితే లేస్తాయి."

గుట్ట మీది నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. నయన థర్మామీటర్లు చూస్తోంది. ప్రహ్లాద నయనను చూస్తున్నాడు. తేడా రెండున్నరైంది. రెండైంది.

ముందు ఒకటి పాక్కుంటూ బయటికొచ్చి రెక్కలు సవరించుకుంది. దాని వెనక పది. ఆ వెనక లెక్కలేదు! పుట్ట లోపల పొయ్యి రాజేసినట్టు ఉసుళ్ళు పొగలా లేచాయి. పిల్లలు అగ్నిపర్వతాలను వాటి ఖర్మకు వదిలేసి కేరింతలు కొడుతూ పరుగెత్తుకొచ్చారు. అవ్వ చెప్పిన ఆనవాలు నిజమవుతుంటే, ఇంతమంది తలలెత్తి చూస్తుంటే, నయన గర్వంగా నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

సుధీంద్ర టీలో ఒకటి పడింది.

"తాగేయండి సార్, బలం!" అంది నయన.

ఆయన గ్లాసు పక్కనపెట్టి నోటుపుస్తకం తెరిచాడు. రెండేళ్ళ లెక్క. ముప్పై ఒక్క పుట్టలు. ఇరవై ఏడుసార్లు చెప్పినట్టే జరిగింది, నాలుగుసార్లు తప్పింది.

"తప్పినవి కూడా రాసినారే!"

"అవి దాచిపెడితే సైన్సు కాదన్నాడు మా సార్."

సుధీంద్ర సున్నాను అడ్డంగా కొట్టేసి, నయన కార్డు తీసుకుని నేరుగా మైకు దగ్గరికి నడిచాడు.

"మొదటి బహుమతి..." అని ఆగిపోయాడు. కార్డును దగ్గరగా పెట్టుకుని చూసి, జేబులోంచి పెన్ను తీశాడు. "ఏమప్పా ప్రహ్లాదా, పేర్లు తారుమారుగా నింపినారే?"

పోయింది, చేతిదాకా వచ్చింది పోయింది అనుకుంది నయన. కార్డులో తప్పుందని పొద్దున్నే ఒక బడిని పోటీలోంచి తీసేశారు.

"నేనే నింపినాను సార్," అన్నాడు ప్రహ్లాద లేచి నిలబడి. "సరిగ్గానే ఉండాది."

సుధీంద్ర ఆయన్ను చూశాడు, నయనను చూశాడు. కార్డు మీద వాలిన ఉసులును మెల్లగా ఊది, పెన్నును జేబులో పెట్టేసుకుని, మైకులో ఉన్నది ఉన్నట్టు చదివాడు.

"మార్గదర్శి ఉపాధ్యాయురాలు: నయన, ఏడో తరగతి. విద్యార్థి: ప్రహ్లాద, ఎమ్మెస్సీ, బీఎడ్."