పలకలు పోయిన రోజు

జీవమణి పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. క్రిస్మస్ సెలవులు అయిపోయాయి. బడికి పోని ముగ్గురు పిల్లలకూ ఇంట్లోనే ఆమే మళ్లీ పాఠాలు చెప్పాలి. పలకలు మాత్రం కనబడడం లేదు.

"ఇయ్యాల చదువు మొదలుగాకుంటే అందర్ని బోర్డింగు బడిల ఏస్త!" భర్త దయానందం అరిచాడు.

పెద్దది జ్ఞానకుమారి మంచం కింద, నడిపివాడు యెషయా కోళ్ల గూట్లో వెతికారు. ఇంకా పలకే లేని చిన్న ఏసోబు అందరికంటే గట్టిగా ఏడ్చాడు.

"అమ్మా, జర లే," అన్నాడు యెషయా.

"నడుం పట్టింది బిడ్డా."

ముగ్గురూ కలిసి లాగారు. పీట కింద రెండు పలకలు!

"నువ్వే దాచినవా?" అన్నాడు దయానందం.

"పండుగకు చుట్టాలకు వండుడే సరిపాయె. నాకు సెలవేడిది?"

దయానందం తల గోక్కుని చాప మీద కూర్చున్నాడు. "సరే, ఇయ్యాల పంతులు నేనే. ఏడు తొమ్మిదులెంత?"

"నీకు తెల్వదా నాయినా?" అన్నాడు ఏసోబు.

జీవమణి చెప్పులు తొడుక్కుని, సెలవు దొరికినట్టు పంజాగుట్ట బజారు వైపు నడిచింది.