వద్దు కార్డు

కార్డు పోయింది.

అమ్మాయి గుడ్డ సంచిని మంచం మీద బోర్లించి వెతుకుతోంది. నీళ్ళ కార్డు ఉంది, నిద్ర కార్డు ఉంది, నర్సు కార్డు, అమ్మ కార్డు, అన్నీ ఉన్నాయి. ఎర్రటి అరచేయి బొమ్మ మాత్రం లేదు.

అది వద్దు కార్డు.

తల్లి ఏమీ ఎరగనట్టు చూస్తూ కూర్చుంది.

పదహారేళ్ళ పిల్ల. ఆటిజం. నోట మాట రాదు, ఆ బొమ్మల కార్డులే ఆమె నోరు. ఎవరైనా దగ్గరికొస్తే వాళ్ళ కార్డు తీసి వాళ్ళ చేతిలో పెడుతుంది. అదే ఆమె పలకరింపు. మానసిక వైద్యశాలలో చేర్చిన దగ్గర్నుంచీ సూది చూసినా, మాత్ర చూసినా వద్దు కార్డే చూపిస్తోంది.

ఇలా అన్నిటికీ వద్దంటే వైద్యం ఎలా సాగుతుందని నర్సు విసుక్కుంది.

తల్లికి ఆ మాట పట్టుకుంది. ముందురోజు కూతురు నిద్రపోతుండగా ఆ కార్డు తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. పిల్ల మంచికే అనుకుంది. కన్నవాళ్ళు ఏం చేసినా పిల్లల మంచికే కదా మరి!

ఆ రోజు నుంచి అమ్మాయి తన మణికట్టు తానే కొరుక్కోసాగింది. జబ్బు ముదిరిందన్నారు. మందు పెంచారు.

కొన్నాళ్ళకు కొరుక్కోవడం ఆగింది. మందు పనిచేసిందని తల్లి సంబరపడింది.

మందూ కాదు, మాకూ కాదు.

పక్క మంచం మీద ఒకావిడ ఉండేది. చింపిరి జుట్టు, తనలో తనే గొణుగుడు. చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు. మాత్రల అట్టపెట్టె చించి, ఎర్ర పెన్సిల్‌తో అరచేయి గీసి అమ్మాయికిచ్చింది ఆవిడే. సూది పట్టుకుని ఎవరొచ్చినా లేచి అడ్డం నిలబడేది. వద్దంటోంది కదా, కాసేపాగి రండి అనేది. కాసేపాగి వస్తే అమ్మాయి తనే చేయి చాపేది.

ఆవిడకంటూ ఆ సంచిలో కార్డు లేదు.

ఒకరోజు తల్లి వచ్చేసరికి ఆవిడ చెయ్యి కూతురి సంచిలో ఉంది. తల్లికి ఒళ్ళు మండిపోయింది. అట్టముక్క లాక్కుని చించేసింది. పిచ్చిదాన్ని తెచ్చి నా బిడ్డ పక్కన పడుకోబెడతారా అని డాక్టరుతో పెద్ద గొడవ పెట్టుకుంది. ఉన్నది ఏ ఆసుపత్రిలోనో కూడా మర్చిపోయింది పాపం.

పక్క మంచం ఆవిడను వేరే వార్డుకు మార్చేశారు.

ఆవిడ దుప్పటి మడతపెట్టుకుని వెళ్తూ తల్లి దగ్గర ఆగింది.

"ఆ కార్డు మళ్ళీ పెట్టెయ్యండమ్మా. మీరు తీసిన రోజు పాప నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని పడుకుందంతే."

తల్లి గబగబా హ్యాండ్‌బ్యాగు తెరిచింది, కానీ కార్డు ఇంట్లో ఉండిపోయింది.

మర్నాడు కార్డు పట్టుకుని పరుగున వచ్చింది. కూతురి మణికట్టుకు కొత్త కట్టు ఉంది. తల్లి కార్డు సంచిలో వేసింది.

"తప్పయిపోయింది తల్లీ" అంటూ అమ్మ కార్డు కోసం ఎప్పటిలా అరచేయి చాపింది.

అమ్మాయి వద్దు కార్డు తీసి ఆ చేతిలో పెట్టింది.

తర్వాత లేచి వెళ్ళి, అమ్మ కార్డును ఖాళీగా ఉన్న పక్క మంచం దిండు మీద పెట్టింది.