మూడుసార్లు దిద్దిన పుస్తకం

"ఆగు! మళ్లీ చదువు," అంటూ మా అల్లుడు ఎర్ర కలంతో పుస్తకం మీద టక్కున కొట్టాడు. ఒక్క పేజీలో అలా కొట్టడం తొమ్మిదోసారి. ఏడేళ్ల మా మనవరాలు బుల్లెమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"దీనికి చదవడం మీద ఇష్టమే లేదత్తయ్యా. రేపట్నుంచి కథల పుస్తకాలు కట్. ట్యూషన్‌లో పడేస్తా," అన్నాడు.

ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం ఆయనది. ఇంట్లోనూ ఎవరు నోరు తెరిచినా తప్పులే ఏరతాడు మహానుభావుడు. నేను రెండో తరగతి దాటలేదు గానీ, బుల్లెమ్మ ఆగినచోటల్లా కథ ఏమవుతుందోనని నా ప్రాణం కొట్టుకులాడుతోంది.

"అది సరే బాబూ, ఆ ఎలుగుబంటి తన పిల్లని వెతుక్కుంటూ పోయింది కదా, దొరికిందా?"

"ఏ ఎలుగుబంటి?"

"అయ్యో, ఈ కథలోదే! ఈ పుస్తకం మీరు దిద్దిందేగా?"

"మూడుసార్లు దిద్దాను. ఒక్క తప్పు చూపించండి చూద్దాం!"

"తప్పులు నాకెందుకు నాయనా? పిల్ల దొరికిందా, లేదా?"

ఆయన పుస్తకం అట్టకేసి చూశాడు. బుల్లెమ్మ కళ్లు తుడుచుకుని తండ్రిని ఎగాదిగా చూసింది.

"మూడుసార్లు చదివి కూడా తెలీదా నాన్నా?"

అల్లుడు మీసం గోక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు, "ఇంతకీ... దొరికిందా?"

"అడ్డం రాకుండా కూర్చో. చదువుతుంటే తెలుస్తుంది," అంది బుల్లెమ్మ పేజీ తిప్పుతూ.